చెల్లెలి కోసం అడిగిన మాల్టా వీసా

సహోదరులారా, సహోదరీలారా, ఈ రోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది నా గొప్ప కాదు, ఎందుకంటే పోయిన వానాకాలమంతా నాకు తిండి సయించలేదు, మిషన్ ముందు కూర్చుంటే కుట్టు కనపడేది కాదు, ఫోన్ మోగితే చాలు కత్తెర వదిలేసి పరుగెత్తేదాన్ని! నా పేరు మార్తమ్మ, మిర్యాలగూడలో బట్టలు కుడతాను.

నా చెల్లెలు సునీత మాల్టా దేశంలో ముసలివాళ్లను చూసుకునే పని చేస్తుంది. మ్యాపులో వేలు పెడితే కనపడకుండా పోయేంత చిన్న దేశం అది, చుట్టూ సముద్రం, బైబిల్లోని అపొస్తలుడు ఓడ పగిలి ఒడ్డుకు చేరిన ద్వీపం అదేనని మా పాస్టరుగారు చెప్పేదాకా నాకూ తెలియదు. అక్కడ సునీతకు కడుపులో గడ్డ ఉందని తేలింది. తొందరగా తీయాలి, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఆ పిల్ల ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు.

దానికి కారణం ఉంది. వాళ్లమ్మ, అంటే మా పిన్నమ్మ, సూర్యాపేటలో ఒక దవాఖానలో ఆపరేషన్‌కని లోపలికి పోయి మళ్లీ కళ్లు తెరవలేదు. అప్పుడు సునీత చిన్నపిల్ల, బయట బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. తండ్రి అంతకుముందే పోయాడు. ఆ రోజే నేను దాన్ని మా ఇంటికి తెచ్చుకుని, తల దువ్వి, అన్నం పెట్టి, నా దగ్గరే పెంచుకున్నాను. ఇప్పుడు ఇంత దూరం నుంచి, "అక్కా, నువ్వొచ్చి నా పక్కన ఉంటెనే లోపలికి పోత, లేకుంటె ఇట్లనే ఉంట" అని ఫోన్లో ఏడుస్తుంటే ఏం చేయను? తిట్టాను, బతిమాలాను, మళ్లీ తిట్టాను. నా నోటి సంగతి మీ అందరికీ తెలిసిందే కదా! ఆ పిల్ల మాత్రం మెత్తబడలేదు.

కోదాడలో వీసా పనులు చూసే ఒకాయన ఉన్నాడంటే అక్కడికి పోయాను. "ఆ అమ్మాయి మీ సొంత చెల్లెలేనాండీ?" అని అడిగాడు. "సొంతం గాకపోతె కిరాయికి తెచ్చుకున్ననా?" అని కసిరాను. పాపం, ఆయన అట్లాగే రాసేశాడు. పిన్నమ్మ కూతురు మనకు చెల్లెలు కాక ఇంకేమవుతుంది చెప్పండి? హైదరాబాద్ పోయి వేలిముద్రలిచ్చి వచ్చాను. వీసా రాలేదు. ఇద్దరి కాగితాల్లో తల్లీ వేరు, తండ్రీ వేరు, సొంత అక్కాచెల్లెళ్లమని చెప్పారు కాబట్టి మీ మాట నమ్మలేమన్నారు.

ఆ రోజు మిషన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. దేవుని మీదే కోపం వచ్చింది! అవతల సునీతకు నొప్పి ఎక్కువవుతోంది. కోదాడ ఆయన మాత్రం, "ఈసారి ఆ అమ్మాయి ఊసే ఎత్తొద్దండీ, సముద్రం చూడ్డానికి వెళ్తున్నారని రాద్దాం" అన్నాడు. నిజం చెప్తున్నాను, నా మనసు ఊగింది. ప్రాణం ముందు అబద్ధం ఎంత అనిపించింది. అయితే మాల్టాలో నాకెవరూ లేరని రాయాలన్నప్పుడు, తల్లి పోయి బెంచీ మీద కూర్చున్న ఆ పిల్లే కళ్లముందు కనపడింది. లేచి నేరుగా మందిరానికి పోయాను.

ఆ రోజు ఉపవాస కూడికలో అక్కలు, చెల్లెళ్లు చుట్టూ మోకరిస్తే నేను బిగ్గరగా ప్రార్థించాను. "ప్రభువా, నువ్వు ఇచ్చిన చెల్లెను నేను లేదని ఎట్ల రాయాలె? గీడ దాన్ని కాదనుకొని, గాడికి పోయి ఏం మొఖంతోని దాని చెయ్యి పట్టుకోవాలె? నాకు నోరిచ్చినవ్, మాట కూడా నువ్వే ఇయ్యి తండ్రీ!" అన్నాను. నా లోపల పెద్ద బరువేదో దిగిపోయింది, ఎన్నాళ్ల తర్వాతో ఆకలేసింది!

మళ్లీ దరఖాస్తు పెట్టాం. నేను తెలుగులో చెప్తుంటే పాస్టరమ్మగారు ఇంగ్లీషులో రాశారు. సునీత మా అమ్మ చెల్లెలి కూతురని, తల్లి పోయాక నేనే పెంచానని, నేను పక్కన లేనిదే అది ఆపరేషన్‌కు పోదని, దానికి నయమవగానే నా ఇంటికి, నా మిషన్ దగ్గరికి తిరిగొస్తానని, ఉన్నది ఉన్నట్లు రాయించాను. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం కూడా జతచేశాం.

హల్లెలూయా! పాస్‌పోర్టు తిరిగొచ్చింది, తెరిచి చూస్తే లోపల వీసా ఉంది! నేను పెట్టిన కేకకు, దామరచర్ల పవర్ ప్లాంటులో డ్యూటీ దిగి అప్పుడే ఇంటికొచ్చిన మా ఆయన ఎవరో పోయారనుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. పాస్‌పోర్టు ఆయన చేతిలో పెట్టాను.

మిర్యాలగూడ దాటి ఎక్కువ తిరగని నేను విమానమెక్కి ఆ దేశంలో దిగాను. ఆస్పత్రిలో సునీత చిక్కి సగమైపోయి ఉంది. నన్ను చూసి ఏడవలేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, పక్కనే ఉన్న డాక్టరమ్మ వైపు తిరిగి, "మా అక్క వచ్చింది, ఇగ తీస్కపోండ్రి" అని తెలుగులోనే అంది! ఆమెకు తెలుగు రాకపోయినా అర్థమైంది. ఆమె కూడా కళ్లు తుడుచుకుంది.

గడ్డ తీశారు, అది క్యాన్సర్ కాదని చెప్పారు, నా చెల్లెలు కళ్లు తెరిచింది, దేవునికే మహిమ! ఒక్క మాట చెప్పి కూర్చుంటాను. తలుపులన్నీ మూసుకుపోయాయని కుమిలిపోతున్నవాళ్లు ఈ మందిరంలో ఉంటే, నాలాగా కోపమొచ్చినా సరే, ఉన్నది ఉన్నట్లు ఆయనకే చెప్పుకోండి, ఆయన్ని నమ్ముకోండి. ఆపరేషన్‌కు ముందు రోజుల్లో ఒక్కదానివి ఎట్లా ఉన్నావే అని సునీతను అడిగాను. "ఒక్కదాన్ని లేను అక్కా, నువ్వు రాకముందె ఆయన వచ్చిండు" అంది.