వాలుకు అడ్డంగా జీపు

నేను చదివింది నాలుగో తరగతే. అదీ రెండేళ్లు చదివాను, పంతులు నన్ను విడవలేక. అయినా విజయనగరం స్టేషను ముందున్న ‘ఇక్కడ బళ్లు ఆపరాదు’ అనే బోర్డును తడుముకోకుండా చదివేశాను. దాని కిందే జీపు ఆపి వెళ్లిన పెద్దమనిషి నాకంటే తక్కువ చదివినట్టున్నాడు.

ఆ జీపు మెట్ల పక్కనున్న వాలుకు అడ్డంగా ఉంది. కాళ్లు లేని ఒకాయన చక్రాల చెక్క మీద కూర్చుని, చేతులతో నేలను నెట్టుకుంటూ వచ్చి దాని ముందు ఆగిపోయాడు.

“నానెప్పుడూ ఈ వాలు మీంచే ఎక్కేస్తాను బావూ. ఆమదాలవలసలో మాయమ్మ కొనూపిరితో ఉన్నాది,” అన్నాడు.

లోపల బొగ్గింజను కూత వేసింది. నేనూ ఒక కూలీ ఆయన్ని చెరో రెక్కా పట్టి మెట్లెక్కించాం. ప్లాట్‌ఫారం మీదికి చేరేసరికి రైలు కదిలిపోయింది. ఆయన అరచేతుల దుమ్ము మెల్లగా దులుపుకున్నాడు.

“రేపటి దాకా ఆగదు మాయమ్మ,” అన్నాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి జీపు సంగతంతా వినిపించి, “ఆ మనిసిని పూలబుట్టలా ఎత్తినామే!” అని గొప్పగా చెప్పాను.

ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పలేదు.

“ఎత్తడానికి మీకు ఆ కాళ్లు లేనోడే దొరికినాడేటి? జీపుని పక్కకి తొయ్యడానికి సేతుల్రాలేదా?”