రత్నమ్మత్త ఆఖరి చీటీ

మా మేనత్త రత్నమ్మ మొన్న మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఇహలోకయాత్ర చాలించిందని ఫోను వచ్చింది. నా చేతిలోని దోసె చేతిలోనే చల్లారింది. బెంగుళూరు మహానగరంలో ఆడవాళ్ల పాతకాలపు పొట్టిప్యాంట్లకు నామకరణం చేసే ఏకైక విద్యాపీఠం శూన్యమైంది.

చిక్కపేటలో ఆమెది పాతబట్టల దుకాణం. నలుగురు నిలబడితే ఐదోవాడు ఊపిరి వీధిలో పీల్చుకోవాలి. పడుచుతనంలో కంటోన్మెంటు టైలరొకాయన దగ్గర కాజాలు కుడుతూ, దొరసానుల ప్యాంట్ల పేర్లన్నీ కంఠస్థం చేసింది. మోకాలి కిందే ఆగితే పెడల్ పుషర్, సైకిలు తొక్కడానికి. పిక్క దాటితే కాప్రీ. లంగాలా విచ్చుకుంటే కులాట్.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి ఒకాయన వచ్చి, భార్యకు "ముక్కాలు ప్యాంటుందా?" అని అడిగి చెడ్డాడు.

"ముక్కాలు పీటకుంటాయప్పా. మీ ఇంటామెకు ఎన్నుండాయి?"

ఆ మహానుభావుడు సిగ్గుతో మూడు కొనుక్కుపోయాడు.

రెండేళ్లుగా అత్తకు చూపు మందగించింది కానీ విద్య మందగించలేదు. "కొలతకు టేపు చాలు, పేరుకు కాలు కావల్ల" అనేది. ఎవరైనా తొడుక్కుని నిలబడితే, అంచు ఎక్కడ ఆగిందో వేళ్లతో తడిమి పేరు చెప్పేది. మామూలుగా ఆ కాళ్లు ఆమె కూతురివి.

పోయిన నెల కూతురు ఊళ్లో లేని రోజున బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఒక ఐటీ అమ్మాయి వచ్చింది. "మా నానమ్మ ప్యాంట్ ఆంటీ. ఫ్రేమ్ చేయిస్తున్నా. కరెక్ట్ నేమ్ మీరే రాసివ్వాలి, ప్లీజ్."

ఆ పూట దుకాణంలో ఉన్న కాళ్లు నావే. తెర వెనక్కి వెళ్లి దూరాను. ఆ నానమ్మ నడుము చేమంతి కాడ, నాది గానుగ రోలు. ప్యాంటు తుంటి దగ్గర బిగిసింది. పైకి రాదు, కిందికి పోదు.

"నడుముకెక్కెనా అప్పా?"

అవతల పరాయి పిల్ల నిలబడి ఉంది. "ఎక్కింది అత్తా" అన్నాను. నిజానికి బెత్తెడు కిందే ఆగింది, అంచు కూడా అంతే కిందికి దిగింది. చొక్కా దించుకుని బయటికొచ్చాను.

అత్త తడిమింది. "పిక్క దాటినాది. కాప్రీ" అంది. చీటీ రాసి సంతకం పెట్టింది.

ఆ ప్యాంటు నుంచి విముక్తికి ఒక డబ్బా పౌడరు పట్టింది. అబద్ధం నుంచి మాత్రం ఇంకా బయటపడలేదు. రేపు చెబుదామనుకుంటూనే ఉన్నాను, అత్తే వెళ్లిపోయింది.

నిన్న ఆ అమ్మాయి ఫోను చేసింది. "ఆంటీ రాసిన లాస్ట్ చీటీ కదా అంకుల్, సంతాప సభకి ఫ్రేమ్ తెస్తున్నా. అందరూ చూడాలి."

అందరిలో కంటోన్మెంటు నాటి దర్జీలూ ఉంటారు. ప్యాంటు చూస్తారు, చీటీ చదువుతారు, రత్నమ్మకు ఆఖర్న చెయ్యి తప్పిందంటారు. నోరు విప్పితే పోయేది నా పరువు, మూసుకుంటే ఆమె పేరు.

అందుకే సభలో పంచే ఈ స్మారక సంచికలోనే రాస్తున్నాను. తల్లీ, మీ నానమ్మది పెడల్ పుషర్. అత్త చెయ్యి తప్పలేదు, నా నడుము తప్పింది. ఆ చీటీ కొట్టేసి కొత్తది రాసివ్వమంటావేమో. రాయగల చెయ్యి ఈ ఊళ్లో లేదమ్మా.