వెతూరియా వంటికి పడని నాణెం

మా ఊళ్లో ఉత్తరాలు పంచే వెతూరియా దేన్నీ ఎందుకని అడక్కుండా వదలదు. గాడిద చెవులు ఎందుకంత పొడవని కూడా అడుగుతుంది. జనవరిలో ఆమె మంచు మీద జారి కుడికాలి ఎముక విరగ్గొట్టుకుంటే, జిల్లా ఆసుపత్రిలో ఉక్కు ప్లేటు పెట్టి ఆరు స్క్రూలు బిగించారు. లోహమేదైనా వంటికి పడదా అని ముందే నర్సు అడిగింది. అన్నీ పడతాయంది వెతూరియా. తోడు వెళ్లిన పక్కింటి నేస్తాన్ని, నేనూ తలూపాను.

నెల తిరక్కుండా కుట్ల చుట్టూ ఎర్రబడి, దురదపెట్టి, రసి కారసాగింది. చీము పట్టిందని మందులు రెండు విడతలు మింగించారు. పరీక్షల్లో మాత్రం చీము జాడే లేదు. కాలు ఇలాగే ఉంటే కొండమీది నాలుగు ఊళ్లూ ఇంకొకరికి అప్పగిస్తామని తపాలా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఇరవై ఆరేళ్లు నడిచిన బాట. ఆ రోజు ఆమె మొక్కజొన్న సంకటి ముట్టలేదు.

మార్చి ఒకటిన, ఏటా లాగే, ఎరుపూ తెలుపూ దారానికి చిన్న నాణెం గుచ్చి ఆమె మణికట్టుకు వసంతం వచ్చిందని కట్టే మార్తిసోర్ కట్టాను. ఏటా దాన్ని చొక్కా చేతి మీదికి జరుపుకునేది. ఈసారి పొట్టి చేతుల గౌనులో మంచం మీదుంది.

మూడో రోజుకి నాణెం కింద గుండ్రటి ఎర్రమచ్చ, రసి. వెతూరియా మణికట్టును కాలి పక్కన పెట్టి చాలాసేపు చూసింది. రెండో చేతికి ఒట్టి దారం కట్టమంది. దానికేమీ కాలేదు. నాణేన్ని మోచేతి మీదికి మార్చింది. అక్కడా పొక్కింది.

"ఏటా ఇంతేనా?" అన్నాను.

"ఇంతే. అందుకే చొక్కా మీదికి జరిపేదాన్ని. వసంతానికి నేనంటే పడదని మా అత్త ఎగతాళి చేసేది."

"మరి నర్సుకి చెప్పలేదేమే?"

"ఆవిడ లోహం గురించి కదా అడిగింది. ఇది మార్తిసోర్."

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

డాక్టరు నాణేన్ని చూసి నవ్వాడు, చేతులు చూసి మానేశాడు. ఆమె వీపుకి ఒక్కో లోహం పూసిన పట్టీలు అంటిస్తే నికెల్ దగ్గరే పొక్కింది. నాణెంలోనూ ప్లేటులోనూ అదే ఉందట. ప్లేటు తీసి టైటానియంది బిగించారు. ఆగస్టులో వెతూరియా సంచి భుజానేసుకుని కొండెక్కింది.

మరుసటి మార్చిలో ఒట్టి దారమే కట్టాను. నెలాఖరున ఆనవాయితీ ప్రకారం అందరం మార్తిసోర్లు పూలచెట్లకు కడుతుంటే, ఆమె ఆసుపత్రి నుంచి అడిగి తెచ్చుకున్న పాత ప్లేటుని కూడా ఆ దారంతోనే కొమ్మకు కట్టింది. ఇన్నేళ్లూ దురద పెడుతుంటే ఒక్కసారైనా నాతో అనలేదేమని అడిగాను.

ముడి బిగిస్తూ అంది: "చెబితే నువ్వు కట్టడం మానేస్తావని."