పంపు మీద చీర పేలిక

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. దయ్యాల సంగతి ఎత్తితే క్లాసులో పిల్లల నోళ్లు మూయించే రకం. ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తే ఆ మిరపకాయల ఘాటుకు దగ్గడం తప్ప నాకు ఆ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు నమ్మకం కుదిరిందని కూడా చెప్పలేను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ బతిమాలడం లేదు.

పాత అంబాసిడర్ కారు ఒకటి సొంతంగా నడపాలన్నది నా చిన్ననాటి పిచ్చి. నలభై దాటాక తీర్చుకున్నాను. అంతవరకు నాకు స్కూటీ తప్ప మరో బండి లేదు. మా ఆయన విని, "ఏనుగును తెచ్చి వాకిట్లో కట్టేస్తానంటాండావు, మేపేది ఎవరు?" అన్నాడు. నేనే మేపుతానన్నాను.

కారు కుందుర్పిలో దొరికింది. తెల్లటిది, పెట్రోల్ ఇంజన్. హనుమంతప్ప అనే పెద్దాయన దాన్ని బాడుగకు తిప్పుతూ తిప్పుతూనే ముసలివాడయ్యాడు. పిల్లలు లేరు. భార్య మారెక్క చనిపోయి కొన్నేళ్లయింది. చూపు ఆనడం లేదని బండి అమ్మేస్తున్నాడు. చోక్ ఎంతవరకు లాగాలో, స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డును ఎట్లా బుజ్జగించాలో అన్నీ ఓపికగా చూపించి, చివర్లో బానెట్ ఎత్తాడు.

ఇంజన్ పక్కన పిడికిలంత పంపు ఉంది. ట్యాంకులోంచి పెట్రోలు లాగేది అదే. మెకానిక్కులు దాన్ని ఏసీ పంపు అంటారు గానీ చల్లదనానికీ దానికీ చుక్కెదురు. మా అనంతపురం ఎండకు అది కాలిపోయి, లోపలి పెట్రోలు ఆవిరైపోతుంది. ఇంజన్‌కు పెట్రోలు అందక బండి నడిరోడ్డు మీద నిలిచిపోతుంది. దానికి ఇక్కడి డ్రైవర్ల మందు ఒక్కటే, తడిగుడ్డ. పంపుకు గుడ్డ చుట్టి నీళ్లు పోస్తే, ఆ గుడ్డ ఆరేకొద్దీ పంపు చల్లబడుతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడే సూత్రమే.

ఆ పంపుకు పచ్చటి నేతచీర పేలిక ఒకటి చుట్టి ఉంది.

"ఎండకాలం నీళ్లు లేకుండా బండి తీయొద్దమ్మా. గుడ్డ ఆరితే నిలిచిపోతాది" అన్నాడు పెద్దాయన. కొత్త గుడ్డ చుట్టుకోవచ్చా అని అడిగాను. "మారెక్క చీరది. పాతదే గానీ నీళ్లు బాగా పట్టుకుంటాది" అన్నాడు. నేను దాన్ని అట్లాగే ఉంచేశాను.

చలికాలమంతా ఆ బండిని అర్థం చేసుకోవడంతోనే గడిచింది. మా ఇల్లు బుక్కరాయసముద్రంలో, కాలేజీ కళ్యాణదుర్గంలో. పొద్దున చోక్ లాగితే ఒక బాధ, లాగకపోతే ఒక బాధ. కార్బురేటర్‌లో నలక పడేది, బ్యాటరీ పడుకునేది. మా మెకానిక్ బాషా అన్న, "ఈ బండి మొగుడు మాదిరి మేడమ్. దినామూ ఏదో ఒకటి అడుగుతానే ఉంటాది" అని నవ్వేవాడు. మెల్లగా నా చేతులకు గ్రీజు వాసన అలవాటైంది. పంపు ఎక్కడ, పాయింట్లు ఎక్కడ అని కళ్లు మూసుకుని చెప్పగలిగేంత అయ్యాను. చాలా సంతోషంగా ఉండేదాన్ని.

ఆదివారం వస్తే పెద్దాయన ఫోన్ చేసేవాడు. "బండి ఎట్లుండాదమ్మా?" అని, కూతుర్ని అత్తగారింటికి పంపినవాడిలా అడిగేవాడు. బాగుందంటే చాలు, పెట్టేసేవాడు.

వేసవి వచ్చింది. ఒకరోజు పరీక్షల డ్యూటీ ముగించుకుని మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తున్నాను. నీళ్ల బాటిల్ స్టాఫ్ రూంలో మర్చిపోయిన సంగతి సగం దారిలో గుర్తొచ్చింది. ఇంకాస్త దూరం పోయాక కారు దగ్గి, ఊగి, నిలిచిపోయింది. రెండువైపులా వేరుశనగ పీకేసిన ఎర్రనేల. కనుచూపు మేరలో మనిషి లేడు, ఇల్లు లేదు. దిగి కారు నీడలో కాసేపు నిలబడ్డాను. ఇంజన్ వేడైనా బయటికి పోతుందని బానెట్ ఎత్తాను.

పేలిక తడిగా ఉంది. తడి అంటే అప్పుడే ముంచి తీసినంత తడి. కొసనుంచి బొట్లు కారుతున్నాయి. ముట్టుకుంటే కుండనీళ్లంత చల్లగా తగిలింది. పొద్దున నేనే తడిపి బయల్దేరిన మాట నిజమే. కానీ ఆ ఎండలో, ఆ ఇంజన్ పక్కన, ఆ తడి మధ్యాహ్నం దాకా నిలవదు. ఆవిరి గురించి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఆ మాత్రం తెలియదా. కూర్చుని తాళం తిప్పితే బండి స్టార్టయింది.

రేడియేటర్ కారుతోందేమో అనుకుని నేరుగా బాషా అన్న షెడ్డుకు పోయాను. ఆయన అంతా వెతికి ఎక్కడా కారడం లేదన్నాడు. "రేడియేటర్ నీళ్లయితే చెయ్యి కాలల్ల కదా మేడమ్, సల్లగా యాడుంటాది?" అన్నాడు.

తర్వాత కావాలనే పరీక్ష పెట్టాను. పొద్దున పేలిక ఎండి అట్టకట్టి ఉండగా ఫోన్‌లో ఫోటో తీసుకుని, చుక్క నీళ్లు లేకుండా బయల్దేరాను. మధ్యాహ్నం బండి నిలిచిపోయింది. బానెట్ ఎత్తితే మళ్లీ అదే తడి. అప్పుడూ ఒక ఫోటో తీశాను. ఆ రెండు ఫోటోలూ ఇప్పటికీ నా దగ్గరున్నాయి. చూసినవాళ్లు, నువ్వే తడిపి ఉంటావు అంటారు. నిజమే, ఫోటో అంతకంటే ఏం చెబుతుంది.

ఆ వేసవిలో ఇంకొన్నిసార్లు అట్లాగే అయింది. ఒక్కటి మాత్రం గమనించాను. కారులో నీళ్లున్న రోజు పేలిక తనంతట తాను తడిసింది లేదు. నీళ్లు లేనప్పుడే తడిసేది. భయం వేసిందా అంటే వేయలేదు. నా గురించి ఎవరో పట్టించుకుంటున్నట్టు అనిపించేది. నవ్వుకుంటారని అప్పట్లో ఇంట్లో కూడా చెప్పలేదు.

చెప్పింది హనుమంతప్ప పెద్దాయనకే. భార్య చీర కదా, సంతోషిస్తాడనుకున్నాను. ఆ మాట నా నోటిలోనే ఉండిపోయి ఉంటే ఎంత బాగుండేది.

ఆదివారం ఫోన్‌లో అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "సల్లగా ఉండాదా?" చల్లగానే ఉంది పెద్దనాయనా అన్నాను. మరునాడే, ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, బస్సు దిగి మా ఇంటి ముందుకు వచ్చాడు. కాఫీ ఇస్తే గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండానే చెప్పాడు.

ఆయన బాడుగకు పోయినప్పుడల్లా మారెక్క ముందు సీట్లో కూర్చునేదట. బండి నిలిస్తే ఆయన్ను దిగనిచ్చేది కాదు. తానే దిగి, చెంబుతో గుడ్డ తడిపి వచ్చేది. ఒక ఎండాకాలం ఆమెకు జబ్బు చేసింది. అనంతపురం ఆసుపత్రికి తీసుకొస్తుంటే కళ్యాణదుర్గం దాటాక బండి నిలిచిపోయింది. సీసాలో కొంచెమే నీళ్లున్నాయి. ఆమె దప్పిక అంది.

"రవ్వంత ఓర్చుకో, ఊరు చేరినాక తాగుదువులే అన్నాను. ఉన్న నీళ్లన్నీ ఆ గుడ్డ మీద పోసినా. బండి లేసింది. ఆసుపత్రి వచ్చేతలికి ఆమె లేదు" అన్నాడు.

ఆ తర్వాత కూడా ఆయన చాలాకాలం ఆ బండి నడిపాడు. నీళ్లు లేకుండా నిలిచిపోయిన రోజులూ ఉన్నాయి. గుడ్డ ఎప్పుడూ ఎండిపోయే ఉండేదట.

"ఒక్కతూరి నా చేతికి తడి తగిలితే చాలమ్మా. నామీద కోపం లేదనుకుంటా" అన్నాడు. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. తప్పించుకునే దారి లేదు. పదండి పోదాం అన్నాను.

నీళ్లు పెట్టుకోవద్దని ఆయనే గట్టిగా చెప్పాడు. నేను సరేనన్నాను. కానీ ముసలాయన, మే నెల ఎండ, దారిలో ఏమైనా అయితే అన్న భయంతో చిన్న బాటిల్ ఒకటి నా సీటు కింద దాచాను.

కళ్యాణదుర్గం రోడ్డు మీద ఎండ నడినెత్తికి వచ్చేదాకా తిరిగాం. ఆయన ముందు సీట్లో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడికి ఉండేంత బెరుకు ఆ ముఖంలో. బండి దగ్గడం మొదలుపెట్టగానే నావైపు చూశాడు. నిలిచిపోయింది.

ఆయనే దిగాడు. చూపు సరిగా లేకపోయినా చెయ్యి తడుముకోకుండా బానెట్ ఎత్తి, సూటిగా పేలిక మీద అరచెయ్యి ఆనించాడు. నేను పక్కనుంచి చూశాను. పొడి. పొద్దున ఎంత పొడిగా ఉందో అంతే పొడి. ఆ వేడికి చెయ్యి కాలుతుంది, తీయండి పెద్దనాయనా అన్నాను. తీయలేదు. నాకు భయమేసి నేనే పట్టుకుని లాగాను. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయి ఉంది.

పరుగెత్తిపోయి సీటు కింది బాటిల్ తెచ్చాను. "నీళ్లున్నందుకే తడవలేదేమో పెద్దనాయనా. నీళ్లు ఉంటే నాకూ ఎప్పుడూ తడవలేదు. తప్పు నాది" అని చెప్పుకుంటూ పోయాను. ఆయన నా మాట పూర్తికానివ్వలేదు.

"సీసాదేముందిలేమ్మా. అడిగినప్పుడు నేనియ్యలేదు. ఇప్పుడు ఆమె ఏల ఇస్తాది?"

ఆ చేతి మీద నీళ్లు పోయబోయాను, వద్దన్నాడు. పోనీ గుడ్డ తడిపి బండి స్టార్ట్ చేద్దామన్నాను. బాటిల్ నా చేతికే తిప్పి ఇచ్చి, "నువ్వు తాగు మొదలు" అన్నాడు. తాగేదాకా నన్నే చూస్తూ నిలబడ్డాడు. తాగాను. మిగిలిన నీళ్లు ఆయన తాగలేదు, గుడ్డ మీద పోయనివ్వలేదు. ఎండ తగ్గి, ఇంజన్ దానంతటది చల్లబడేదాకా ఇద్దరం ఆ రోడ్డు పక్కనే కూర్చున్నాం.

మళ్లీ ఇంకోసారి, ఈసారి నిజంగా నీళ్లు లేకుండా పోదాం రమ్మని ఎన్నో విధాల అడిగాను. ఆయన రాలేదు. నేనొక్కదాన్నే పోయి చూశాను. ఆ వేసవీ, ఆ తర్వాతి వేసవీ ఎన్నోసార్లు నీళ్లు లేకుండా బండి నిలిపాను. ఆ పేలిక మళ్లీ తడవలేదు. అంతకుముందు ఎందుకు తడిసిందో, ఆరోజు ఎందుకు తడవలేదో, తర్వాత నాకు కూడా ఎందుకు ఆగిపోయిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. నా బాటిలే కారణమా అన్న ప్రశ్న మాత్రం రాత్రీ పగలూ నన్ను తింటోంది. లోకంలో నాకంటే ఎక్కువగా ఆ తడి కావలసిన మనిషి ఒకడున్నాడు. ఆయనకు తెలియకుండా ఉంటే, తనకొక్కడికే కాదు, ఎవరికీ తడవదులే అనుకుని బతికేవాడు.

ఆయన ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ఇప్పుడు బండి గురించి అడగడు. "తడిసిందామ్మా?" అంటాడు. లేదు అని చెప్పినప్పుడల్లా ఆ గొంతులో ఏదో ఇంకాస్త తగ్గిపోతూ వచ్చింది. మారెక్క పూర్తిగా వెళ్లిపోయిందని అనుకుంటున్నాడేమో అనిపించింది. మొన్న నాకు మనసొప్పలేదు. తడిసింది పెద్దనాయనా, చల్లగా ఉంది అని అబద్ధం చెప్పాను.



"నీకైతే ఇస్తాదిలేమ్మా" అన్నాడు.