కొర్రమట్ట పిల్లలున్న మడుగు

మా బాపు వాగులో చేపలు పట్టి బతికినవాడు. ఆయనకో పట్టింపు ఉండేది. కొర్రమట్ట చేప తన పిల్లలను వెంటేసుకుని తిరిగే మడుగులో వల వేసేవాడు కాదు. ఎర్రెర్రగా గుంపుగా ఈదే ఆ పిల్లలు పెద్దయ్యేదాకా అటు పోయేవాడే కాదు. మొన్నటి ఎండాకాలం మా ఊరి వాగులో అలాంటి మడుగు ఒక్కటే మిగిలింది. మిగతాదంతా ఇసుకే. "వానలు పడేదాక గవి బతికితే చాలు బిడ్డా, మల్ల వాగు నిండ చేపలే," అని ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేవాడు. నేను సిరిసిల్లలో బట్టలు కుట్టే పనిలో ఉన్నాను. నా మంచీచెడూ అడగకముందే ఆ పిల్లల సంగతి ఎత్తుకునేవాడు. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

మడుగుకు కొంచెం ఎగువన, కోరుట్ల రోడ్డు మీద, కొత్త వంతెన కడుతున్నారు. పిల్లర్ల గుంతల్లో ఊరిన నీళ్లను మోటార్లతో వాగులోకే తోడేవారు. సిమెంటు కలిపే లారీలనూ అక్కడే కడిగేవారు. బాపు పోయి సూపర్‌వైజరును బతిమాలాడు. "సారూ, గా కడిగిన నీళ్లు జర ఒడ్డు మీద గుంత తీసి దాంట్ల ఇడువుండ్రి. కింద చేప పిల్లలున్నయి." "రేపు చేస్తం, పో," అన్నాడట ఆయన. ఆ రేపు రానేలేదు.

ఒక సాయంత్రం రుద్రంగి దిక్కు మబ్బు పట్టి మెరిసింది. తెల్లారేసరికి మడుగులో నీళ్లు పెరిగాయని, చేపలు ఒడ్డుకొస్తున్నాయని ఊళ్లో ఒకటే సందడి. తొలివానకు కొత్తనీరు వస్తే చేపలు ఎదురెక్కుతాయి. అందరికీ అదే తోచింది. బాపు కూడా వాగు చూడకముందే ఇంట్లోంచి ఫోన్ చేశాడు. "బిడ్డా, కొత్తనీళ్లొచ్చినయి. జల్ది బస్సెక్కు." సెలవు పెట్టి, చేపలు తెచ్చుకుందామని మూత గట్టిగా పట్టే డబ్బా వెతుక్కుని మరీ ఎక్కాను. ఏం పిచ్చో నాది.

నేను దిగేసరికి జనం గంపలతో, దోమతెరలతో, చీరకొంగులతో చేపలు దేవుతున్నారు. అందరి మొహాల్లో నవ్వులే. బాపు మాత్రం మోకాలిలోతు నీళ్లలో ఊరికే నిలబడి ఉన్నాడు. కొత్తనీరు ఎర్రగా వస్తుంది. ఈ నీరు కుడితిలా తెల్లగా ఉంది. వేళ్ల మధ్య సబ్బులా జారింది. చేపలు ఎదురెక్కడం లేదు, నోళ్లు తెరుచుకుని తేలుతున్నాయి.

"పట్టకుండ్రి, తినకుండ్రి. ఇవి వాన నీళ్లు గావు, సిమెంటు నీళ్లు," అన్నాడు బాపు.

ఒక్కొక్కరే గంపలు వంచేశారు. గడ్డి అంచున ఆ ఎర్ర పిల్లలు కుప్పగా చచ్చి ఉన్నాయి. తల్లి వాటి పక్కనే వెల్లకిలా తేలింది. బురదలో కూడా బతికే చేప అది. వంతెన కాడివాళ్లు మమ్మల్ని చూసి, వాగులోకి నీళ్లు తోడుతున్న మోటారు ఆపారు. అప్పుడు ఆపి ఏం లాభం? నాకు ఏడుపాగలేదు. ఖాళీ డబ్బా పట్టుకుని అందరి ముందే ఏడ్చాను.

మిరుగం రోజు, అదే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేప వండని ఇల్లు మా వైపు ఉండదు. అవ్వ, అంటే మా అమ్మ, కోరుట్ల మార్కెట్ నుంచి ఐసులో పెట్టిన చేపలు తెచ్చి పులుసు పెట్టింది. బాపు ముక్కను కంచం అంచుకు నెట్టి, వట్టి పులుసన్నం కలుపుకుంటున్నాడు.

"జరంత తిను బాపూ," అన్నాను.

"పిల్లలున్నయని వల ఎయ్యకుంట ఇడిసిపెట్టిన బిడ్డా," అన్నాడు. "గప్పుడే పట్టుకచ్చి నీకన్నా వండిపెట్టకపోతి."

అవ్వ ఆ ముక్క తీసి నా కంచంలో వేసింది. తిన్నాను.