కిడ్నీకి అందని కబురు

పెద్దలారా, సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. స్మృతి అన్నాక చందనం, చెమ్మగిల్లిన కళ్లు ఉండాలి. ఇందులో ఎక్కువగా మూత్రం ఉంటుంది. మా ఆఫీసు క్యాబ్ నడిపే అన్న సోమవారం పొద్దున దవాఖానలో పోయాడు. నేనెరిగిన రెండేళ్లూ ఆయన బతుకు దాని చుట్టూనే తిరిగింది.

నార్సింగి నుంచి రాయదుర్గం ఎంత దూరమని! ఆ కాస్త దారిలో మూడుసార్లు బండి ఆపేవాడు. ఏ గోడ చాటుగా ఉంటుందో, ఏ పెట్రోల్ బంకువాడు మంచివాడో అంతా కంఠస్థం. దిగేముందు తల దువ్వుకునేవాడు, పెళ్లికి పోతున్నట్టు. ఎక్కగానే గటగటా లీటరు నీళ్లు. తాగింది తాగినట్టే పోయేది.

బండిలో ఉన్నవాళ్లమంతా ఇంజినీర్లం కాబట్టి షుగరని తేల్చేశాం. ముందు సీటు మేడంది రాజమండ్రి. వారంపాటు కాకరకాయ రసం తెచ్చి, "కళ్లు మూసుకుని తాగేయండి, దెబ్బకి దిగిపోతుందండి" అన్నారు. అన్న మర్యాదకు తాగాడు. నాలుగోసారి కూడా ఆపాల్సి వచ్చింది. పరీక్ష చేయిస్తే షుగర్ లేనే లేదు.

చివరికి ఒక పెద్ద డాక్టరు అసలు రోగం పట్టుకున్నాడు. హార్మోను లోపం. అన్న నాకు చెప్పిన తీరు వేరు: "మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటదట తమ్మీ. నీళ్లు ఆపమని కిడ్నీకి అది కబురు పంపాలె. నాకు ఆ కబురు పోతలేదు. పోయినంత తాగుతనే ఉండాలె. తాగుడు ఆపితే ఇగ మనిషే ఆగుతడు." ముక్కులో కొట్టుకునే మందిచ్చారు. ఎక్కడా ఆపకుండా మమ్మల్ని చేర్చిన మొదటి రోజు అందరికీ చాయ్ తాగించాడు.

పోయిన వారం ఆ మందు ఏ దుకాణంలోనూ దొరకలేదు. రెండ్రోజుల్లో వస్తుందన్నారు. మళ్లీ గోడలు, మళ్లీ లీటర్లు. గురువారం మాత్రం అన్న రోజంతా చుక్క నీళ్లు ముట్టలేదట. సాయంత్రానికి మాట తడబడి, బండి పక్కకు పెట్టి స్టీరింగ్ మీద వాలిపోయాడు. ఒంట్లో నీరు ఇంకిపోయి, ఉప్పు పెరిగి మెదడు దెబ్బతిన్నదన్నారు. అంతా తెలిసిన మనిషి ఎందుకు తాగలేదని వదిన దవాఖాన వరండాలో కనపడ్డవాళ్లందరినీ అడిగింది. నన్నూ అడిగింది. ప్రతిదానికీ ఒక జోకు పేల్చే నేను చాయ్ తెస్తానని కిందికి దిగిపోయాను.

అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ గురువారం పొద్దున తొమ్మిదింటికి నాకు మీటింగు. అప్పటికే రెండుసార్లు ఆలస్యమయ్యాను, మూడోసారైతే ఉద్యోగం ఉండదన్నారు. బండి ఎక్కుతూ, "ఇయ్యాల ఒక్కరోజు నీళ్లు తాగకన్నా, నీ కాళ్లు మొక్కుతా" అన్నాను, నవ్వుతూనే. అన్న కూడా నవ్వి, మూతిదాకా తెచ్చిన సీసాకు మూత బిగించాడు.