క్లచ్చక్క కారును అడ్డంగా నడిపిన వైనం

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఆ వీధిలో సగంమందికి తెలియదు, తెలిసిన సగం వాడరు. డ్రైవింగు నేర్పే కారులో పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు, అమ్మా, క్లచ్చు" అని ఆమె వేసే కేక, కారు వీధి మొదట్లో ఉండగానే చివర ఉన్న మందుల షాపులో వినపడేది. ఆ కేక మీదే ఆమె క్లచ్చక్క అయింది. ఆమె కూడా పేరుకేమీ నొచ్చుకోలేదు. ఎవరైనా ఫోను చేసి ఎవరండీ అంటే, "క్లచ్చక్కనే, చెప్పండి" అనేది.

ఆమె దగ్గర కారు నేర్చుకున్నవాళ్లంతా ఆడవాళ్లే. మొగుళ్ల దగ్గర నేర్చుకోబోయి, మాటా మాటా పెరిగి, మూతి ముడుచుకుని వచ్చినవాళ్లే ఎక్కువ. ఆమె ఎవరినీ తక్కువ చేసి మాట్లాడేది కాదు గానీ ఒక్క విషయంలో మాత్రం రాజీ పడేది కాదు. స్టీరింగును రెండు చేతులా పట్టుకోవాలి, గట్టిగా పట్టుకోవాలి, ఆకాశం విరిగిపడ్డా వదలకూడదు. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. స్టీరింగు మాత్రం ఉండదు. అవసరం పడితే చెయ్యి చాపి అందుకోవాల్సిందే. అలా అందుకుని అందుకుని క్లచ్చక్క ఎడమ చేతికీ కుడి చేతికీ బలంలో తేడా వచ్చిందని ఇంట్లో నవ్వుకునేవాళ్లు.

ఒక వాన రోజు ఆ చెయ్యే ఆమెను మోసం చేసింది.

ఆ రోజు స్టీరింగు ముందు కూర్చున్నది పూలకొట్టు ఆవిడ. ఆసుపత్రులకూ పెళ్లి హాళ్లకూ పూలు తనే వ్యానులో చేరవెయ్యాలని ఆవిడ పట్టుదల. నీళ్ల ట్యాంకు దగ్గర రోడ్డు కిందికి దిగుతూ మెలిక తిరుగుతుంది. ఆ మెలికలో ఆవిడ కంగారుపడి బ్రేకు తొక్కింది. కారు వెనక భాగం జర్రున జారింది. క్లచ్చక్క చెయ్యి చాపి స్టీరింగును ఒడిసిపట్టింది, పిడికిలి బిగించింది, కదలనివ్వలేదు. కారు బొంగరంలా ఒక చుట్టు తిరిగి, రోడ్డు పక్కన పోసిన ఇసుకలోకి వెళ్లి ఆగింది. ఎవరికీ గీత కూడా పడలేదు. ఇసుక దులుపుకుని ఇంటికొచ్చారు.

ఆ సాయంత్రం క్లచ్చక్క కారు మీద కవరు కప్పింది. మర్నాడు తియ్యలేదు, ఆ మర్నాడూ తియ్యలేదు. నేర్చుకోవాల్సినవాళ్లు ఫోను చేస్తే మోకాళ్ల నొప్పులంది. వాళ్లు నమ్మారు. వీధి మూగబోయింది. మందుల షాపు ఆయన ఒకసారి ఆగి, ఏమ్మా, ఊళ్లో లేరా అని అడిగాడు కూడా. వానలు తగ్గగానే కారు మీద బోర్డు పీకేసి, కారు ఎవరికైనా ఇచ్చేస్తానని ఆమె ఇంట్లో తేల్చి చెప్పేసింది. ఆమె భర్త కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కు, మాటలు తక్కువ మనిషి. "సరే, వానలు తగ్గనీ" అన్నాడంతే. కానీ రోజూ పొద్దున్నే వెళ్లి కవరు లేపి, ఇంజను కాసేపు తిప్పి, మళ్లీ కప్పి వచ్చేవాడు.

ఇంట్లో ఇంకో స్టీరింగు ఉంది. అది కోడలిది. కోడలు పళ్ల సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న సామాన్లలో ఒక పెద్ద అట్టపెట్టెను ఎవరినీ ముట్టనివ్వకపోతే, అత్తగారు అది కుక్కరేమో అనుకుంది. విప్పి చూస్తే స్టీరింగు, కింద మూడు పెడళ్లు, ఒక హ్యాండుబ్రేకు. దాన్ని గదిలో బల్ల అంచుకు బిగించి, ముందు టీవీ పెట్టుకుని, సెలవు రోజుల్లో కోడలు రేసు ఆటలు ఆడుకునేది. అందులోనూ డ్రిఫ్టింగు. అంటే కారును కావాలని అడ్డంగా జారనిచ్చి, ముక్కు ఒకవైపు, ప్రయాణం ఇంకోవైపుగా మలుపంతా దాటించడం. క్లచ్చక్క గుమ్మంలోంచి ఒకసారి చూసి, "కారును ఇలా నడిపితే నేనైతే లైసెన్సు కాదు, కూర్చునే కుర్చీ కూడా లాగేస్తాను" అని వెళ్లిపోయింది.

కవరు కప్పిన కారు కిటికీలోంచి కనపడుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం కోడలే పిలిచింది.

"అత్తయ్యా, ఒక్కసారి కూర్చోండి. ఇక్కడ ఇసుక కూడా లేదు."

కూర్చోగానే క్లచ్చక్క లేని బెల్టు కోసం భుజం పక్కన తడిమింది. లేని అద్దం సర్దబోయింది. కోడలు పెదవి కొరికి నవ్వాపుకుంది. యాక్సిలరేటరు తొక్కి, మలుపు దగ్గర హ్యాండుబ్రేకు లాగమంది. లాగింది. తెర మీద కారు వెనక భాగం జారింది, అదే క్షణంలో చేతుల్లో స్టీరింగు ఎవరో లాక్కున్నట్టు గుంజింది. ఆమె ముప్పయ్యేళ్ల అలవాటు కొద్దీ రెండు చేతులా నొక్కిపట్టింది. తెర మీద కారు బొంగరంలా ఒక చుట్టు తిరిగింది.

అచ్చం ట్యాంకు దగ్గర తిరిగినట్టే.

లేచి వంటగదిలోకి వెళ్లిపోయింది. కోడలికి ముఖం చెల్లలేదు. అనవసరంగా పుండు రేపానని మావగారి దగ్గర వాపోయింది కూడా. కానీ సాయంత్రం ఆ గదిలోంచి మళ్లీ చప్పుడు వినిపించింది. ఇద్దరూ వెళ్లి తొంగిచూస్తే క్లచ్చక్క ఒక్కతే కూర్చుని కారును తిప్పుతోంది. తిరుగుతుంది, ఆగుతుంది, బటను నొక్కుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ట్యాంకు దగ్గర ఒక్క రెప్పపాటులో అయిపోయినదాన్ని ఇక్కడ తనివితీరా చూసుకుంటోంది.

ఆ స్టీరింగు ఎందుకు గుంజుతుందో చెప్పింది భర్తే. అడగకుండానే వంగి బల్ల కిందికి చూసి, "ఇందులో మోటారుంది. తిప్పేది నువ్వొక్కదానివే కాదు, అదీ తిప్పుతుంది. కింద చక్రాలకు ఏం అవుతోందో నీ చేతికి చెప్తోంది" అన్నాడు. ఆయన నోటి వెంట ఒక్కసారిగా అన్ని మాటలు రావడం కోడలు అప్పుడే చూసింది. బల్ల ఊగిపోతోందని ఇనుప పట్టీలు తెచ్చి గోడకు బిగించింది కూడా ఆయనే. పెడళ్లు జారకుండా గోడకూ వాటికీ మధ్య చెక్క పెట్టాడు. కింద వాటావాళ్లు వచ్చి, పిండి మర పెట్టారా అని అడిగిపోయారు.

అప్పటినుంచి రోజూ కూర్చునేది గానీ కారు మాట వినేది కాదు. తప్పు ఆమెదే. పాతికమందికి నేర్పినా, వందమందికి నేర్పినా అదే నోరు. జారగానే కుడికాలు తనంతట తానే బ్రేకు మీదికి పోయేది. నోరు ఊరుకునేది కాదు. "చూసుకో అమ్మా, ముందు చూడు, చేతులు, చేతులు" అని తనకు తనే పాఠం చెప్పుకునేది. పిడికిళ్లు బిగిసేవి, మోటారు గుంజేది, స్టీరింగు ఊచ వచ్చి బొటనవేలికి తగిలేది. రెండు బొటనవేళ్లూ కమిలిపోయాయి. కూరగాయలు తరగడం మావగారి వంతుకొచ్చింది.

చివరికి కోడలు ఒక ఉపాయం పన్నింది. ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా తెచ్చి, అత్తగారి రెండు అరచేతుల నిండా గుమ్మరించింది.

"ఇదేంటమ్మాయ్, పెళ్లిచూపులా?"

"ఇప్పుడు పట్టుకోండి చూద్దాం."

పట్టు దొరకలేదు. దొరకదు, అందుకే పౌడరు. మలుపు వచ్చింది, హ్యాండుబ్రేకు పడింది, వెనక భాగం జారింది. నున్నటి అరచేతుల మధ్య స్టీరింగు సర్రున తిరిగిపోయింది. క్లచ్చక్క కళ్లు మూసేసుకుంది. తెరిచేసరికి కారు బొంగరం తిరగలేదు. అడ్డంగా, నిబ్బరంగా జారుతూ ఉంది. కారు ఎటు పోతోందో ముందు చక్రాలు తమంతట తామే అటు తిరిగాయి. ఆమె చెయ్యాల్సింది ఒక్కటే, వాటిని తిరగనివ్వడం.

మరుక్షణం కారు రెండోవైపుకు ఒరిగి గోడను గుద్దింది. ఎందుకంటే వదిలిన స్టీరింగును ఎక్కడో ఒకచోట మళ్లీ అందుకోవాలి. ఆ సంగతి కోడలు తరవాత చెప్పింది. కానీ క్లచ్చక్కకు గోడ కనిపించలేదు. పౌడరు అరచేతులను తిప్పి చూసుకుంది.

"అమ్మాయ్, ఆ రోజు కారు జారుడులోంచి తనే బయటపడబోయింది. నేనే పడనివ్వలేదు" అంది మెల్లగా.

"మీకెలా తెలుస్తుంది అత్తయ్యా అప్పుడు?"

"ఇప్పుడు తెలిసిందిగా."

ఆ రోజు నుంచి ఆమె నోరు మూసి ఆడింది. ఇంట్లో అదో వింత. వదలడం వచ్చాక అందుకోవడం నేర్చుకుంది. స్టీరింగు తిరిగే వేగం తగ్గుతూ బరువెక్కే చోటు ఒకటుంది, అక్కడ వేళ్లు ముడవాలి. తొందరపడితే కారు తిరుగుతుంది, ఆలస్యమైతే ఎగిరి అటు పడుతుంది. ఆ బరువు కోసం చేతులతో వెతకడం, కాలితో యాక్సిలరేటరును పాలపొంగులా కనిపెట్టుకుని ఉండడం, ఈ రెండే పని. బ్రేకు జోలికి పోయే కుడికాలికి ఆమె గట్టిగానే బుద్ధి చెప్పింది. తర్వాత పౌడరు అవసరం పోయింది. ఆటలో ఒక కొండ దారి ఉంది. పైనుంచి కింది దాకా ఒక్క గోడనూ తాకకుండా, జారుడు ఎక్కడా తెగకుండా దిగితే పాయింట్లు కుప్పలుగా పడతాయి. ఆ దారి మీద ఇంట్లో కోడలి రికార్డును కొట్టినవాళ్లు లేరు. అసలు ఆడేవాళ్లే లేరు, అది వేరే సంగతి.

ఒక ఆదివారం వాన పడుతుంటే పూలకొట్టు ఆవిడ గొడుగు వేసుకుని వచ్చింది. మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసి, ఇక తను కారు జోలికి రానని చెప్పిపోదామని వచ్చింది. ఆవిడ లెక్కలో ఆ మోకాళ్ల నొప్పికి కారణం తనే. తలుపు తీసిన కోడలు దాచలేక లోపలికి తీసుకెళ్లింది. గదిలో క్లచ్చక్క మూడు పెడళ్ల మీద రెండు కాళ్లతో నాట్యం చేస్తోంది.

పూలకొట్టు ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "మోకాళ్లు బానే ఉన్నట్టున్నాయి కదక్కా."

క్లచ్చక్క తల తిప్పలేదు. దొరికిపోయినందుకు చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "కూర్చో. మాట్లాడకు" అంది.

కొండ దారి. తెర మీదా వానే. మొదటి మలుపులో కారు అడ్డం తిరిగింది. స్టీరింగు చేతుల మధ్య గిర్రున తిరిగింది, ఆమె వేళ్లు విచ్చుకుని దారిచ్చి మళ్లీ ముడుచుకున్నాయి. రెండో మలుపు ఎదురువైపుకు. కారు ఒక్క ఊపున ఇటునుంచి అటు వాలింది, స్టీరింగు ఆ చివరనుంచి ఈ చివరకు ఒంటరిగా పరుగెత్తింది, చేతులు గాలిలో ఎదురుచూశాయి, అందుకున్నాయి. మావగారు వాకిట్లోంచి వచ్చి కోడలి వెనక నిలబడ్డాడు. గోడకు బిగించిన బల్ల గురగురలాడుతోంది. ఒకచోట వెనక బంపరు రాతిగోడకు వెంట్రుకవాసి దూరంలో జారిపోయింది. పూలకొట్టు ఆవిడ తన కాలితో లేని బ్రేకు తొక్కింది. ఆఖరి మెలిక దిగుడులో, అచ్చం ట్యాంకు దగ్గరి మెలికలాగే. క్లచ్చక్క అక్కడ స్టీరింగును పూర్తిగా వదిలేసింది. దాన్ని తిరగనిచ్చింది. బరువెక్కినచోట రెండు వేళ్లతో అందుకుంది. కారు నీళ్లు చిమ్ముకుంటూ గీత దాటింది.

తెర మీద కోడలి రికార్డు కిందికి జరిగి, దాని నెత్తిన ఇంకో అంకె వచ్చి కూర్చుంది.

కోడలు ముఖంలో ఒక్క క్షణం ఏడుపు, ఆ వెంటనే నవ్వు. "అత్తయ్యా, ఈ ఇంట్లో నాకున్నది అదొక్కటే" అంది. క్లచ్చక్క లేచి, కోడలి తలను గుండెకు అదుముకుని వదిలింది. తర్వాత పూలకొట్టు ఆవిడ వైపు తిరిగింది.

"చూశావుగా. ఆ రోజు నీ బ్రేకు సగం, నా చెయ్యి సగం. నువ్వు మొత్తం నెత్తిన వేసుకుని తిరగకు, నా వాటా నాకిచ్చెయ్." భర్త కేసి చూసింది. "ఏమండీ, తాళాలు."

ఆయన జేబులోంచి తీసిచ్చాడు. ఆ తాళాలు రోజూ ఆయన జేబులోనే ఉంటున్నాయని ఆమెకు అప్పుడే తెలిసింది.

కారెక్కేముందు క్లచ్చక్క ఒక్కమాట గట్టిగా చెప్పింది. ఆట ఆటే, రోడ్డు రోడ్డే, రోడ్డు మీద అడ్డంగా నడిపే వేషాలు వేస్తే చెవి మెలిపెడతానంది. పూలకొట్టు ఆవిడ బుద్ధిగా తలూపింది. వాన సన్నగా పడుతోంది. ట్యాంకు దగ్గరికి వచ్చారు. మెల్లగానే దిగుతున్నారు. మెలికలో తడి ఆకులు పరుచుకుని ఉన్నాయి. వెనక చక్రం వాటి మీద పడి ఒక్క జానెడు పక్కకు జారింది.

క్లచ్చక్క చెయ్యి లేచింది. సగం దూరం వెళ్లింది. అక్కడే ఆగింది.

"బ్రేకు ముట్టకు. పట్టు వదులు చెయ్. వెళ్లాల్సినవైపు చూడు" అంది, కేక కాదు, చెవిలో చెప్పినట్టు.

పూలకొట్టు ఆవిడ వేళ్లు వదులయ్యాయి. వాటి మధ్య స్టీరింగు తనంతట తానే కొంచెం తిరిగింది, నిదానించింది, అందింది. కారు ఇసుక కుప్ప పక్కనుంచి ఏమీ జరగనట్టు నేరుగా వెళ్లిపోయింది. క్లచ్చక్క చెయ్యి వెనక్కొచ్చి ఒళ్లో కూర్చుంది.

ట్యాంకు దాటాక పూలకొట్టు ఆవిడ కళ్లు తుడుచుకుంటూ ఇంటికి పోదామా అక్కా అంది. క్లచ్చక్క వెనక్కి తిరిగి మెలికను చూసింది. ముఖమంతా నవ్వు.

"ఇంటికా? ఇంకో చుట్టు తిప్పు."

ఆ ఆనందంలో పూలకొట్టు ఆవిడ గేరు మార్చబోయి తొక్కాల్సింది మరిచింది. కారు కీచుమంది. వీధి చివర మందుల షాపు ఆయన చేతిలో మాత్రల అట్ట పట్టుకునే తలెత్తాడు. ఎన్నాళ్లకో వినపడింది.

"క్లచ్చు, అమ్మా, క్లచ్చు!"